పంపకంలో లెక్కకు రాని స్త్రీలు
పెట్టుబడి, సోషలిజం, క్రైస్తవ నీతి: కొన్ని ప్రశ్నలు

(స్త్రీల హక్కులపై కార్యకర్తల కోసం జరిగిన శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నాకు ఇచ్చిన అంశం ‘క్రైస్తవ దృష్టిలో ఏది నైతికం? పెట్టుబడిదారీ విధానమా, సోషలిజమా?’ అన్నది. ఇది కొత్త ప్రశ్న కాదు. నూటముప్పై ఏళ్లకు పైగా పోప్‌లు, బిషప్‌లు, పార్టీ సిద్ధాంతకర్తలు దీని మీద రాస్తూనే ఉన్నారు. రెండు పక్షాలవాళ్లూ బైబిల్‌నే చూపిస్తారు. దొంగతనం చెయ్యకూడదన్న ఆజ్ఞ సొంత ఆస్తిని గుర్తిస్తోంది కదా అని ఒకరంటారు. తొలి క్రైస్తవులు ఆస్తులు అమ్మి అందరూ పంచుకున్నారు కదా అని మరొకరంటారు.

నేను వేదాంతిని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని, స్త్రీల ఉద్యమంతో కలిసి నడుస్తున్నదాన్ని. అందుకని ఈ ఇద్దరిలో ఎవరు గెలిచారో తీర్పు చెప్పే పని పెట్టుకోను. ఈ వాదనలో స్త్రీలు ఎక్కడున్నారని అడుగుతాను. అలా అడిగితే వాదన స్వరూపమే మారిపోతుందని నా అభిప్రాయం. ఆస్తి ఎవరిది అనే ప్రశ్న ఎంత ముఖ్యమో, పంచేటప్పుడు ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, పంచే అధికారం ఎవరి చేతిలో ఉంది అనేవి కూడా అంతే ముఖ్యమైన నైతిక ప్రశ్నలు.

తొలి సంఘంలో తొలి తగాదా

సోషలిజానికి బైబిల్‌లో ఆధారంగా సాధారణంగా చూపించేది అపొస్తలుల కార్యముల గ్రంథంలోని రెండు, నాలుగు అధ్యాయాలు. యెరూషలేములోని విశ్వాసులు పొలాలు, ఇళ్లు అమ్మి ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టేవారనీ, ఎవరి అవసరాన్ని బట్టి వారికి పంచేవారనీ అక్కడ ఉంది. మన వామపక్ష మిత్రులకు చాలా ఇష్టమైన భాగం ఇది. అయితే అక్కడితో ఆగకుండా ఐదు, ఆరు అధ్యాయాలు కూడా చదవాలి.

ఐదో అధ్యాయంలో అననీయ, సప్పీర అనే భార్యాభర్తలు పొలం అమ్మి, కొంత దాచుకుని, మిగిలింది తెచ్చి ఇదే మొత్తం అంటారు. భర్త అక్కడికక్కడే పడి చనిపోతాడు. మూడు గంటల తర్వాత, జరిగింది తెలియక వచ్చిన భార్య కూడా అదే మాట చెప్పి చనిపోతుంది. దాచిన సంగతి ఆమెకు తెలుసని కథ చెబుతుంది. కానీ ఆ పొలం అమ్మకంలో ఆమె మాట ఎంతవరకు చెల్లింది, భర్తను కాదనగలిగే స్థితిలో ఆమె ఉందా అన్నది చెప్పదు. నిర్ణయంలో వాటా ఎంతో తెలియదు గాని శిక్షలో మాత్రం సమాన వాటా. భర్త తీసుకున్న అప్పుకు సంతకం పెట్టి, ఆయన పోయాక వసూలుదార్ల ముందు నిలబడే స్త్రీలతో పనిచేసే మీకు సప్పీర కొత్త మనిషేమీ కాదు.

ఆరో అధ్యాయం ఇంకా ముఖ్యమైనది. గ్రీకు భాష మాట్లాడే యూదులు, రోజువారీ పంపకంలో తమ వితంతువులకు అన్యాయం జరుగుతోందని, అక్కడి హెబ్రీ భాషవారి మీద ఫిర్యాదు చేస్తారు. అపొస్తలులు సమావేశం పెట్టి, తాము వాక్యబోధ మానుకుని భోజనాల బల్లల దగ్గర ఉండడం సరికాదని, ఆ పని చూడడానికి ఏడుగురిని ఎంచుకోమని చెబుతారు. స్తెఫను, ఫిలిప్పు మొదలైన ఏడుగురిని ఎన్నుకుంటారు.

ఇందులో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఆస్తి ఉమ్మడి అయిపోయినంత మాత్రాన పంపకం న్యాయంగా జరగలేదు. మినహాయింపు ఎవరికి జరిగింది? భర్తలు లేని స్త్రీలకు, అందులోనూ స్థానిక భాష వారు కానివారికి. మనం ఇవాళ ఒకదానిమీద ఒకటిగా పడే అణచివేతలు అంటున్నామే, అవి ఆ బల్ల దగ్గరే కనిపిస్తున్నాయి. ఇక పరిష్కారం. ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కాబట్టి, అన్యాయం జరిగిన వర్గం నుంచే వారిని తీసుకున్నారని చాలామంది పండితులు భావిస్తారు. అంటే ఆ భాషవారికి ప్రాతినిధ్యం దొరికింది. స్త్రీలకు దొరకలేదు. ఆ ఏడుగురి పేర్లూ గ్రంథంలో ఉన్నాయి. ఆకలితో వెనుదిరిగిన వితంతువుల్లో ఒక్కరి పేరూ లేదు.

అయినా ఆ సంఘానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. ‘ముందు సంఘం బలపడనివ్వండి, మీ సంగతి తర్వాత చూద్దాం’ అని వాళ్లు అనలేదు. ఫిర్యాదు చేసినవారిని చీలికదారులు అనలేదు. ఫిర్యాదు న్యాయమైనదేనని ఒప్పుకుని ఏర్పాటు మార్చారు. ఆ తర్వాత వచ్చిన చర్చిలూ పార్టీలూ అన్నీ ఈ పరీక్షలో నెగ్గలేదు.

కూలి ఎవరికి? కుటుంబ వేతనం ఎవరిది?

ఇప్పుడు ఆధునిక కాలానికి వద్దాం. 1891లో పోప్ పదమూడవ లియో ‘రేరుం నొవారుం’ అనే విశ్వలేఖ విడుదల చేశాడు. విశ్వలేఖ అంటే మొత్తం క్యాథలిక్ చర్చినంతా ఉద్దేశించి పోప్ రాసే లేఖ. యూరప్‌లో ఫ్యాక్టరీలు పెరిగి, కార్మికుల బతుకులు దుర్భరమై, సోషలిస్టు పార్టీలు బలం పుంజుకున్న కాలమది. ఆ లేఖ సొంత ఆస్తి మనిషికి సహజమైన హక్కు అంది, సోషలిజాన్ని తిరస్కరించింది. అదే సమయంలో కార్మికులు సంఘాలు పెట్టుకోవడం న్యాయమని, బేరంలో ఒప్పుకున్నాడు కదా అని బతకడానికి చాలని కూలి ఇవ్వడం అన్యాయమని కూడా అంది. ఆనాటి యజమానులకు ఈ మాటలు రుచించేవి కావు.

అయితే ఆ లేఖలోని ‘కార్మికుడు’ పురుషుడు. స్త్రీ స్వభావరీత్యా ఇంటి పనికి తగినదని అందులో స్పష్టంగానే ఉంది. నలభై ఏళ్ల తర్వాత 1931లో పదకొండవ పయస్ రాసిన లేఖ, తండ్రి సంపాదన కుటుంబమంతటికీ చాలాలని, అది చాలక తల్లులు బయట పనికి వెళ్లవలసి రావడం దురవస్థ అని చెప్పింది. నిజమైన సోషలిస్టు మంచి క్యాథలిక్ కాలేడన్నది కూడా ఆ లేఖే.

‘కుటుంబ వేతనం’ అన్న ఈ ఆలోచన పైకి దయగలదిగానే కనిపిస్తుంది. దాని పర్యవసానం చూడండి. మగవాడి కూలి కుటుంబం కోసం అయితే, ఆడదాని కూలి ‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు’ అవుతుంది. ఆమెకు తక్కువ ఇచ్చినా తప్పు కాదనిపిస్తుంది. భర్త లేని స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ, భర్త సంపాదన సారా దుకాణంలో పోయే స్త్రీ ఈ లెక్కలోకి రారు. ఇంట్లో చేసే చాకిరీ ప్రకృతి ఇచ్చిన బాధ్యత అవుతుంది గాని శ్రమ కాదు. మళ్లీ వితంతువులు బల్ల దగ్గర నుంచి ఉత్తి చేతులతో వెళ్లినట్లే.

ఇది చర్చికి మాత్రమే ఉన్న జబ్బు కాదు. అనేక దేశాల కార్మిక సంఘాలు కూడా కుటుంబ వేతనం కోసమే పోరాడాయి. సోషలిజాన్ని అమలు చేసినచోట ఏం జరిగిందో కూడా నిజాయితీగా చూడాలి. సోవియట్ రష్యా 1919లో పార్టీలో ప్రత్యేక మహిళా విభాగం పెట్టింది, 1930లో మూసేసింది. 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసింది, 1936లో నిషేధించింది, 1955లో మళ్లీ అనుమతించింది. స్త్రీలు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి పెద్ద ఎత్తున వచ్చారు. ఇది చిన్న విజయం కాదు. కానీ ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు, ఆ తర్వాత రొట్టె కోసం క్యూ, ఆ తర్వాత వంటిల్లు. ఆ మూడో పనిని పంచుకోవడం విప్లవ కార్యక్రమంలో చివరికి మిగిలిపోయింది.

సువార్తలో కూలి గురించి వేరే ఆలోచన ఉంది. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని, పొద్దున్నే వచ్చినవారికీ, సాయంత్రం గంటసేపు పని చేసినవారికీ ఒకే రోజు కూలి ఇస్తాడు. ‘నా సొమ్ము నా ఇష్టం’ అని యజమాని అంటాడు గదా, ఇది పెట్టుబడిదారీ నీతి అని కొందరు వ్యాఖ్యానిస్తారు. నేను మరో చోట ఆగుతాను. సాయంత్రం దాకా ఎందుకు ఖాళీగా నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదని వాళ్లంటారు. మన ఊళ్లలో కూలీల అడ్డా దగ్గరకు వెళ్లి చూడండి. మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవకుండా మిగిలేది ఎవరు? చంటిపిల్ల తల్లి, వయసు మళ్లిన ఆమె, ఒంట్లో బాగాలేని ఆమె. వాళ్ల పిల్లలకూ రాత్రికి పూర్తి అన్నమే కావాలి, గంట పనికి సరిపడా అన్నం కాదు. ఆ కథలోని నీతికి మార్కెట్ కూలీ లెక్కా సరిపోదు, మగవాడికి ఇచ్చే కుటుంబ వేతనమూ సరిపోదు.

చర్చి ఆలోచన అక్కడే ఆగిపోలేదన్నదీ నిజమే. సొంత ఆస్తి నిరపేక్షమైన హక్కు కాదని 1967లో ఆరవ పాల్ రాశాడు. పెట్టుబడి కంటే శ్రమకు ప్రాధాన్యం ఉండాలని 1981లో రెండవ జాన్‌పాల్ రాశాడు. సోవియట్ కూటమి కూలుతున్న 1991లో, సోషలిజం విఫలమైనంత మాత్రాన పెట్టుబడిదారీ విధానమొక్కటే మార్గమని అనుకోవద్దని ఆయనే హెచ్చరించాడు. మినహాయింపుల మీద నడిచే ఆర్థిక వ్యవస్థ మనుషుల ప్రాణాలు తీస్తుందని 2013లో ఫ్రాన్సిస్ రాశాడు. 2025లో ఎన్నికైన పోప్, 1891 నాటి లేఖను గుర్తు చేస్తూ లియో అనే పేరు పెట్టుకున్నాడు. ఇవన్నీ మనకు పనికొచ్చే మాటలే. కానీ ఈ మాటలు నేల మీద స్త్రీలకు ఏమయ్యాయో చూడాలి. అందుకు మన పక్కనున్న కేరళ కంటే మంచి ఉదాహరణ లేదు.

కేరళ: వాదన వీధిలోకి వచ్చినప్పుడు

1957లో కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వాన కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడింది. అది రెండు ముఖ్యమైన బిల్లులు తెచ్చింది. ఒకటి విద్యకు, రెండోది భూసంబంధాలకు చెందినవి. ప్రైవేటు పాఠశాలల్లో చాలా భాగం చర్చి యాజమాన్యంలో ఉండేవి. టీచర్ల నియామకం, జీతాలపై యాజమాన్యాల ఇష్టారాజ్యాన్ని విద్యా బిల్లు కట్టడి చేసింది. చర్చి, నాయర్ సర్వీస్ సొసైటీ, ముస్లిం లీగ్, కాంగ్రెస్ కలిసి ‘విమోచన సమరం’ నడిపాయి. స్త్రీలు వేల సంఖ్యలో పికెటింగ్‌లకు వచ్చారు, జైళ్లకు వెళ్లారు. 1959 జులైలో తిరువనంతపురం దగ్గరి చెరియతురలో పోలీసు కాల్పుల్లో ఫ్లోరీ అనే గర్భిణి, మత్స్యకార స్త్రీ చనిపోయింది. ఆమె పేరు నినాదమైంది. 1959 జులై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని రద్దు చేసింది.

ఆ ఉద్యమంలో చర్చి వాదన ఏమిటి? ఆస్తి, కుటుంబం దేవుడిచ్చినవి, రాజ్యం వాటి జోలికి రాకూడదని. సరే, అలాగే అనుకుందాం. అదే కేరళలో, తిరువాన్కూరు ప్రాంత క్రైస్తవులకు 1916 నాటి వారసత్వ చట్టం ఒకటుండేది. దాని ప్రకారం కూతురికి వచ్చేది కొడుకు వాటాలో నాలుగోవంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. స్త్రీధనం ఇచ్చినా, ఇస్తామని మాట ఇచ్చినా ఆ కాస్తా లేదు. వితంతువుకు భర్త ఆస్తిని బతికినంతకాలం అనుభవించే హక్కే గాని అమ్ముకునే హక్కు లేదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే అదీ పోతుంది.

మేరీ రాయ్ ఈ చట్టాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 1986 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. 1951 నుంచే అక్కడి క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుందని, కాబట్టి కూతుళ్లకూ కొడుకులకూ సమాన వాటా అని కోర్టు చెప్పింది. స్త్రీపురుష సమానత్వం అనే రాజ్యాంగ ప్రశ్నలోకి మాత్రం వెళ్లలేదు. ఆ తీర్పుకు చర్చి వర్గాల నుంచే గట్టి వ్యతిరేకత వచ్చింది. కుటుంబాలు ముక్కలైపోతాయన్నారు, బ్యాంకు అప్పులకు పెట్టిన హామీలన్నీ తలకిందులవుతాయన్నారు. కూతుళ్లకు పోకుండా వీలునామాలు రాసుకోమన్న సలహాలు వినిపించాయి. మేరీ రాయ్ 2022లో మరణించింది.

ఇక్కడ నా ప్రశ్న చాలా మామూలుది. రాజ్యం అడిగినప్పుడు దేవుడిచ్చిన హక్కుగా ఉన్న ఆస్తి, కూతురు అడిగేసరికి కుటుంబాన్ని చీల్చే స్వార్థం ఎలా అయింది? సొంత ఆస్తి హక్కు సహజమైనదైతే అది ఆమెకు మాత్రం ఎందుకు సహజం కాదు? అంటే ఆ సిద్ధాంతంలో ‘మనిషి’ అన్న చోట కొడుకు ఉన్నాడు.

ఇప్పుడు రెండో పక్షాన్ని చూద్దాం. 1970 జనవరి నుంచి అమలైన కేరళ భూసంస్కరణలు కౌలుదార్లకు భూమిపై యాజమాన్యం ఇచ్చాయి. దేశంలో ఇంత గట్టిగా ఈ పని జరిగిన చోట్లు తక్కువ. కానీ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన కూలీలకు, అంటే ఎక్కువగా దళితులకు, వచ్చింది గుడిసె ఉన్న జాగా మాత్రమే, పంచాయతీల్లో పది సెంట్ల వరకు. భూమి పత్రాలు ఎక్కువగా కుటుంబ యజమానిగా భావించిన మగవాడి పేరుతోనే వచ్చాయి. తోటలకు భూపరిమితి నుంచి మినహాయింపు ఇచ్చారు.

ఆ తోటల్లోనే 2015 సెప్టెంబరులో మున్నార్ తేయాకు కార్మిక స్త్రీలు బోనస్ తగ్గించినందుకు సమ్మె చేశారు. కంపెనీతో పాటు తమ పేరు చెప్పుకుని బేరాలాడే కార్మిక సంఘాల మగ నాయకులనూ, వామపక్షాలవారితో సహా, దగ్గరకు రానివ్వలేదు. ‘పెంపిళై ఒరుమై’, అంటే స్త్రీల ఐక్యత, అని తమకు తామే పేరు పెట్టుకున్నారు. అన్నీ కలిపి 20 శాతం చెల్లింపు సాధించుకున్నారు.

చర్చి లోపల నుంచి వచ్చిన ఉదాహరణ కూడా ఉంది. ఫ్లోరీ చనిపోయిన ఆ తీరంలోనే, రెండు దశాబ్దాల తర్వాత మత్స్యకారుల ఉద్యమం లేచింది. మర పడవలు తీరాన్ని ఊడ్చేస్తుంటే, చిన్న పడవలవారి పక్షాన కొందరు ఫాదర్లు, సిస్టర్లు నిలబడ్డారు. చర్చి పెద్దలందరికీ అది నచ్చలేదు. వర్షాకాలంలో మర పడవల వేటపై 1988లో కేరళ ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ ఉద్యమంలోనే చేపల గంపలతో బస్సు ఎక్కనివ్వడం లేదని చేపలమ్మే స్త్రీలు పోరాడి ప్రత్యేక బస్సులు సాధించుకున్నారు. పెట్టుబడి, సోషలిజం అన్న పెద్ద మాటల మధ్య బస్సు చాలా చిన్న విషయంగా కనిపించవచ్చు. గంప నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచినామెకు అదే రోజువారీ పంపకం.

మన దగ్గర చేయవలసింది

మన తెలుగు ప్రాంతాల సంగతి కొంత వేరు. ఇక్కడి క్రైస్తవులలో ఎక్కువమంది దళితులు. పంచుకోవడానికి భూమే లేని కుటుంబాలు అనేకం. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవం తీసుకున్న దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా నిరాకరించింది. అంటే కొడుకు, కూతురు అనే ప్రశ్న కంటే ముందే కులం ఆ కుటుంబాన్ని బల్లకు దూరంగా నిలబెట్టింది. కేరళ సంపన్న సిరియన్ క్రైస్తవుల అనుభవాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం.

అయినా హక్కు తెలియడం అవసరం. 1985లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు జన్మతః హక్కు ఇచ్చిన సంగతి మీకు తెలుసు. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను అది వదిలేసింది. ఆ సవరణ క్రైస్తవ స్త్రీలకు వర్తించదు. వారికి వర్తించేది 1925 చట్టం. వీలునామా లేకుండా భర్త చనిపోతే, పిల్లలున్నప్పుడు భార్యకు మూడోవంతు, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. ఇది ఇంటి స్థలానికీ, రెండు కుంటల చెలకకూ కూడా వర్తిస్తుంది. కానీ వీలునామా రాస్తే మొత్తం ఒక్క కొడుక్కే రాయవచ్చు, దానికి చట్టంలో అడ్డు లేదు. ఇంకో లోపం, భార్యాపిల్లలు లేని కొడుకు చనిపోతే, తండ్రి బతికి ఉండగా తల్లికి ఏమీ రాకపోవడం. దీన్ని మార్చాలని లా కమిషన్ 2014లో తన 247వ నివేదికలో సిఫారసు చేసింది.

మన కార్యకర్తలు పాస్టర్లతో, సంఘ పెద్దలతో, పార్టీ నాయకులతో మాట్లాడవలసి వస్తుంది. మీది పాపమా, మాది పుణ్యమా అనే వాదనలోకి దిగనవసరం లేదు. నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఈ ఆస్తి కాగితం మీద ఎవరి పేరుంది? ఈ కూలిని ఎవరి ఆకలిని బట్టి నిర్ణయించారు? ఈ ఇంటి చాకిరీ ఎవరు చేస్తున్నారు, అది ఏ లెక్కలో పడింది? పంచే కమిటీలో, ఇవాళ ఆకలితో తిరిగి వెళ్లినామె ఉందా? ఈ ప్రశ్నలు విశ్వాసికీ చెల్లుతాయి, మార్క్సిస్టుకూ చెల్లుతాయి, మన స్వచ్ఛంద సంస్థల కార్యవర్గాలకూ చెల్లుతాయి.

వాటికి జవాబు చెప్పలేని వ్యవస్థ తనను మార్కెట్ అని పిలుచుకున్నా, విప్లవమని పిలుచుకున్నా, దేవుని రాజ్యమని పిలుచుకున్నా నైతికమైనదని నేను ఒప్పుకోలేను. యెరూషలేములో ఫిర్యాదు విన్నవాళ్లు ఏర్పాటును మార్చారు, సగం మార్చారు. మిగతా సగం, అంటే ఆ వితంతువులే బల్ల దగ్గర కూర్చుని పంచడం, ఇంకా జరగవలసే ఉంది. ఆ పని మన జిల్లాల్లో ఎక్కడ మొదలుపెట్టాలో ఇప్పుడు మీరు చెప్పండి, చర్చిద్దాం.